‘ఆపు’ అనే మాటతో మొదలైన బడి

సార్ పోయారన్న కబురు నాకు క్లాసు మధ్యలో అందింది. హిందూపురం బయట ఒక బట్టల ఫ్యాక్టరీలో, క్యాంటీన్ పక్క గదిలో, కుట్టు మిషన్ల మీద పనిచేసే ఆడవాళ్లకు నేను చదువు చెబుతాను. క్లాసులో ఫోన్ తీయకూడదని నేనే నియమం పెట్టాను. కానీ ఆ రోజు పెనుకొండ నుంచి సార్ భార్య మళ్లీ మళ్లీ చేస్తుంటే తీయక తప్పలేదు. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందే కూలిపోయారట. ఆటో ఎక్కించేలోపే ఊపిరి ఆగిపోయిందట. ఆమె ఏడవలేదు. "మీ సార్‌ను ఎన్నోమార్లు కొట్నారు, అన్నిమార్లూ బతికినాడు. ఈ పొద్దు ఎవురూ ముట్టుకోకుండానే పోయినాడు పాపా" అంది.

ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పాను. మిల్లులో షిఫ్టు ముగించుకుని వచ్చి అప్పుడే కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టాడు. తర్వాత, మోచేయి దగ్గర వంకరగా అతుక్కున్న కుడిచేతిని ముందుగా చొక్కాలోకి దూర్చి, "పోదాం పా" అన్నాడు. ఆ చెయ్యి అలా కావడానికి కారణం సారే.

చదివేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి. ఆయన మాకు గురువుగా పరిచయం కాలేదు. కనగానపల్లి దగ్గర మా పల్లెలో వానలు వరసగా ఎగ్గొట్టాక, బావి ఎండి, ఉన్న నాలుగు గొర్రెలనూ అమ్ముకుని మేమిద్దరం హిందూపురం వచ్చాం. పశువుల దాణా తయారుచేసే మిల్లులో పని దొరికింది. మొక్కజొన్న, తవుడు, వేరుశనగ చెక్క ఒక పెద్ద ఇనుప డ్రమ్ములో పడతాయి. లోపల కత్తుల్లాంటి రెక్కలు తిరిగి కలుపుతాయి. దాన్ని మిక్సర్ అంటారు. మా ఆయన దాని దగ్గర హెల్పర్. నేను సంచుల మూతులు కుట్టేదాన్ని. సార్ ఆ మిల్లుకు ఫిట్టర్. ఆయన తమ్ముడు కూడా అక్కడే, మిషన్లు శుభ్రం చేసే పనిలో ఉండేవాడు. అన్నను చూసి నవ్వకుండా పక్కనుంచి పోయేవాడు కాదు ఆ పిల్లవాడు. పెళ్లి కుదిరిందని అందరికీ చెప్పుకుంటూ తిరిగేవాడు.

ఒక రోజు సార్ హెల్పర్లందరినీ పిలిచి, స్విచ్‌ల దగ్గర తాను బోర్డులు రాసి పెట్టానని, లోపలికి దిగేవాళ్లు స్విచ్‌కు బోర్డు తగిలించాలని, మిగతావాళ్లు అది చదివి నడుచుకోవాలని చెప్పారు. "చదవడం వచ్చు గదా అందరికీ?" అని అడిగారు. అందరూ తల ఊపారు. మా ఆయనా ఊపాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, కరెంటు పోయిన సమయంలో, సార్ తమ్ముడు రెక్కలకు అంటుకున్న పిండి గీకడానికి డ్రమ్ములోకి దిగాడు. దిగేముందు స్విచ్‌కు బోర్డు తగిలించాడు. కరెంటు వచ్చింది. సూపర్‌వైజర్ దూరం నుంచి మిషన్ వేయమని అరిచాడు. మా ఆయన బోర్డును పక్కకు జరిపి స్విచ్ వేశాడు.

కేక ఒక్కటే వచ్చింది. ఆ తర్వాత బెల్టు బిగుసుకుపోయి మూలిగిన చప్పుడు. ఎవరో మెయిన్ స్విచ్ లాగేశారు. కింద గొట్టంలోంచి దాణా ఇంకా కాస్త జారుతూనే ఉంది, అది ఎర్రగా ఉంది. సంచి పట్టుకుని నిలబడ్డ నేను చూశాను. ఇంతకుమించి రాయలేను.

సార్ పక్క షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చారు. డ్రమ్ము మూత ఎత్తి చూశారు. వెనక్కి తిరిగేసరికి ఆయన చేతిలో నీళ్ల పైపు ముక్క ఉంది. మా ఆయన స్విచ్ దగ్గరే బొమ్మలా నిలబడి ఉన్నాడు, పారిపోవాలని కూడా తోచలేదు. మొదటి దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టాడు. కట్టె విరిగిన చప్పుడయింది. కింద పడ్డాక కూడా సార్ కొడుతూనే ఉన్నారు, వీపు మీద, కాళ్ల మీద, మళ్లీ అదే చేతి మీద. నేను మా ఆయన మీద పడ్డాను. ఒక దెబ్బ నా భుజానికి తగిలింది. చలికాలంలో ఇప్పటికీ అక్కడ లాగుతుంది. జనం వెనకనుంచి పట్టుకుని లాగితే తప్ప ఆయన ఆగలేదు. లాగాక కూడా ఆ పైపుతో నేలను కొడుతూ ఉన్నారు.

పోలీసులు ఆయన్ను పట్టుకుపోయారు. మా ఆయన ఆసుపత్రిలో పడ్డాడు. ఎముక సరిగా అతకలేదు. మా అన్న ఊరి నుంచి వచ్చి, బావ చేతిని చూసి వెళ్లిపోయి, రెండోసారి వచ్చేటప్పుడు గోనెసంచిలో చుట్టిన కొడవలితో వచ్చాడు. గొర్రెలకు రొట్ట కొట్టే కొడవలి అది. జామీను మీద సార్ ఎప్పుడు బయటికి వస్తారా అని కాచుకున్నాడు.

ఆయన వచ్చారు, కానీ మా అన్న వెతుక్కుంటూ పోనక్కరలేకపోయింది. ఒక సాయంత్రం తానే మా గుడిసె ముందుకు నడిచి వచ్చారు, ఒంటరిగా. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నారు. చేతిలో ఆ రేకు బోర్డు. గుమ్మంలో మంచం మీద కూర్చున్న మా ఆయన ముందు దాన్ని పెట్టారు.

"చదువు" అన్నారు.

"నాకు రాదు సార్."

"ఒక అక్షరం గూడా రాదా?"

"రాదు. బడి ముఖం చూసిండేవాన్ని కాదు."

"మరి నేనడిగితే తల ఎందుకు ఊపినావు?"

మా ఆయన నేలచూపులు చూస్తూ, "అందరూ ఊపినారు. రాదని చెప్పేకి సిగ్గయ్యింది సార్" అన్నాడు.

సార్ ఆ బోర్డును తిప్పి తనవైపు పెట్టుకున్నారు. ఐటీఐలో నేర్చుకున్న ఇంగ్లీషులో, అందమైన పెద్ద అక్షరాలతో ఆయనే రాసిన బోర్డు. "నేను ఇంగ్లీషులో రాసినా" అన్నారు. "మా తమ్మునికి గూడా ఇంగ్లీషు రాదు."

అప్పుడే మా అన్న గుడిసె వెనకనుంచి వచ్చాడు. నేను అతని మోచేయి పట్టుకుని వేలాడాను. మెడకు గురిపెట్టిన వేటు పక్కకు తిరిగి సార్ చెవిని కోసుకుంటూ భుజంలో దిగింది. రక్తం చొక్కాను తడిపి నడుము దాకా కారింది. సార్ లేచి పారిపోలేదు, చెయ్యెత్తలేదు. మోకాళ్ల మీద కూర్చుండిపోయి, మా అన్న కళ్లలోకి చూస్తూ, "ఇంగొకటి ఎయ్యాలంటే ఎయ్యప్పా. దీంతో అయిపోవల్ల" అన్నారు. మా అన్న చేతిలోంచి కొడవలి జారిపోయింది. నేను నా కొంగు చింపి ఆ భుజానికి కట్టాను. ఆ ముడి వేస్తున్నప్పుడు కూడా నాకు ఆయన మీద జాలి లేదు. వట్టి భయం ఉండింది.

రేకుల మీద పడ్డానని ఆసుపత్రిలో సార్ చెప్పారు. తనను కొట్టిందెవరో దుమ్ములో కనబడలేదని కోర్టులో మా ఆయన చెప్పాడు. రెండు పక్కలా పగ అక్కడితో ఆగింది.

సార్ తమ్ముడు పోయిన ఆ డ్రమ్ములోకి దిగడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పాత మిషన్ గుట్టు తెలిసిన ఫిట్టర్ మరొకడు లేడు కాబట్టి మిల్లు యజమాని సార్‌నే మళ్లీ పిలిచాడు. సార్ ఒక షరతు పెట్టారు. ప్రతి షిఫ్టులో కాసేపు మిషన్లు ఆపి, పనివాళ్లకు చదువు చెప్పనివ్వాలి, అదీ పని వేళలోనే. పని అయ్యాక చెప్పుకోమని యజమాని అంటే, "వాళ్లు చచ్చేది పని అయిపోయినాక కాదు గదా" అన్నారట.

అలా మొదలైంది మా బడి. గోడకు ఒక పాత ఇనుప రేకు, సుద్దముక్క, కింద గోనెసంచులు. మేమంతా దాణా దుమ్ముతో తెల్లగా కూర్చునేవాళ్లం. సార్ మాకు అ, ఆలు దిద్దించలేదు. మొదటిరోజు రేకు మీద రాసిన మాట ‘ఆపు’. రెండోది ‘లోపల మనిషి ఉన్నాడు’. ఆ రెండో మాట రాస్తుంటే సుద్ద విరిగింది. మా ఆయన తల వంచుకున్నాడు. కాసేపటికి సార్ ఇంకో ముక్క తీసుకుని మిగిలినది రాశారు. విరిగిన కుడిచెయ్యి వంగక, మా ఆయన ఎడమచేత్తో పలక మీద దిద్దాడు. అంత పెద్ద మనిషి నాలుక బయటపెట్టి రాస్తుంటే ఎవరూ నవ్వలేదు.

నేను చాలారోజులు దూరంగా కూర్చుని సంచులే కుట్టాను. ఆయన దగ్గర నేర్చుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ చెవులు మూసుకోలేం కదా. ఒక రోజు సంచి మీద అచ్చువేసిన ‘దాణా’ అనే మాట నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది. సార్ విన్నారు. ఇటు తిరిగి చూడలేదు. మరుసటి రోజు నా మిషన్ పక్కన ఒక పలక ఉంది. కోపంతోనే తీసుకున్నాను. నా మొదటి అక్షరాలు కోపంతో దిద్దినవే. పలక గీరుకుపోయేలా రాసేదాన్ని.

ఆయన మెత్తని మనిషి కాదు. టీ సాసర్‌లో పోసుకుని ఒక్క గుక్కలో తాగేవారు. తిరుగుతున్న మిషన్‌కు ఎప్పుడూ వీపు పెట్టేవారు కాదు. అరిచేవారు. అన్నిటికంటే, తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపితే ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు. "తల ఊపేవాళ్లే చస్తారు, లేదంటే చంపుతారు" అనేవారు. ఒకసారి అలా తల ఊపిన ఒకతన్ని చెంప మీద కొట్టారు. పెదవి చిట్లింది. అప్పటిదాకా ఆయనకు ఎదురు మాట్లాడని నేను లేచాను.

"కొట్టే చేత్తో అక్షరం నేర్పొద్దు సార్. ఆ చెయ్యి ఎట్లాంటిదో మాకు తెలుసు" అన్నాను.

ఆయన సుద్ద కింద పెట్టి వెళ్లిపోయారు. మర్నాడు వచ్చి, కొట్టించుకున్నతని ముందు అందరూ చూస్తుండగా నిలబడి, తప్పయిందని చెప్పారు. "నాకు రాదు అని చెప్పినోడే ఈ బడిలో మొదటి మార్కు" అని ఆ రోజు నుంచి కొత్త నియమం. ఎవరైనా "నాకు రాదు సార్" అంటే ఆయన ముఖంలో ఒక సంతోషం కనబడేది. మళ్లీ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. కోపం వస్తే బయటికి వెళ్లి, పాడైన బెల్టులను కోసి పోగేసేవారు.

మేము సొంతంగా రాసిన మొదటి వాక్యం సార్‌కు ప్రాణం మీదికి తెచ్చింది. పని తొందరగా సాగాలని కూలీల కాంట్రాక్టర్ ఒక మిషన్ చక్రాలకు ఉన్న మూత తీయించేశాడు. మడకశిర నుంచి కొత్తగా వచ్చిన ఒకామె చీర అందులో చిక్కి, చెయ్యి లోపలికి లాక్కుపోయింది. మణికట్టు దాకా పోయింది. ఆ మధ్యాహ్నం మేమంతా పని ఆపేశాం. మా ఆయన సుద్ద తీసుకుని ఎడమచేత్తో మిషన్ మీద రాశాడు, ‘మూత లేనిదే తిప్పము’ అని. సార్ చెప్పి రాయించింది కాదు అది. ఆయన వచ్చి చూసి, ‘తిప్పము’లో ఒత్తు సరిగ్గా ఉందని మాత్రం అన్నారు.

కాంట్రాక్టర్ వచ్చి ఆ రాత చూశాడు. ఎవరు రాశారని అడగలేదు, ఎవరు నేర్పారని అడిగాడు. ఆ వారంలోనే, సాయంత్రం వెలుతురు ఉండగానే, పెనుకొండ బస్సు కోసం నిలబడ్డ సార్‌ను నలుగురైదుగురు చుట్టుముట్టారు. ముందు పళ్లు రాలగొట్టారు. తర్వాత ఇద్దరు కదలకుండా పట్టుకుంటే, ఒకడు ఆయన కుడిచెయ్యి తీసి దారి పక్కన మైలురాయి మీద పెట్టాడు. "ఈ చేత్తోనే గదా రాసేది" అంటూ బండరాయితో వేళ్లు నలగ్గొట్టారు. బస్సు కోసం ఉన్నవాళ్లంతా చూశారు. సాక్ష్యానికి ఎవరూ రాలేదు.

రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి వంగవు. సార్ పెనుకొండలో ఇంట్లోనే ఉండిపోయారు. మేము చూడటానికి వెళ్తే తలుపు తీసేవారు కాదు. అన్నం తినిపించబోతే పళ్లెం గోడకేసి కొట్టేవారని ఆయన భార్య చెప్పింది. బడి ఆగిపోయింది.

ఒక ఆదివారం మా ఆయన కొత్త పలక కొనుక్కుని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. ఈసారి సార్ భార్య తలుపు తీసింది. మా ఆయన సార్ పక్కన చాప మీద కూర్చుని, పలక ఆయన ఒళ్లో పెట్టి, బలపం ఎడమచేతికి ఇచ్చాడు. సార్ ‘ఆ’ రాయబోయారు. గీత ఎటో పోయింది. మళ్లీ రాశారు. పలకను నేలకేసి కొట్టారు. అది ముక్కలయింది. మా ఆయన ఆ ముక్కలు ఏరి, వచ్చే వారం ఇంకోటి తెస్తానని చెప్పి లేచాడు. తెచ్చాడు. అదీ విరిగింది. ఆ తర్వాతిది విరగలేదు.

"పలక అట్ల తిన్నగ పెట్టుకుంటే రాదు సార్. ఎడం చేతోల్లు ఇట్ల కుడిపక్కకు వంచి పెట్టుకోవల్ల. నేను శానా తిప్పలు పడి కనుక్కున్యా" అని మా ఆయన పలక తిప్పి చూపించాడు.

సార్ ఆ వంకర మోచేతిని చూశారు. దాన్ని చూస్తూనే, "నేను ఇరగ్గొట్టింటి గాబట్టి నీకు తెలిసింది" అన్నారు. మా ఆయన బలపం సరిగ్గా పట్టించాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టుకుని ఒక ‘ఆ’ రాశారు. నేను వంటింట్లోకి వెళ్లి సార్ భార్య పక్కన నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నా కోపం ఆ రోజు పూర్తిగా పోయిందని చెప్పను. కానీ అది మోయడం ఆ రోజు నుంచి తేలికైంది.

ఎడమచేతి రాత కుదిరాక సార్ మళ్లీ ఆగలేదు. ఆ మిల్లులోకి రానివ్వకపోతే వేరే చోట్లకు వెళ్లారు. ధర్మవరంలో పట్టు నూలుకు రంగులద్దే షెడ్లలో ఒకతను నీళ్ల సీసా అనుకుని ఆసిడ్‌తో ముఖం కడుక్కున్నాడని విని, అక్కడికి పోయి సీసాల మీది మాటలతో బడి మొదలుపెట్టారు. మరమగ్గాల చప్పుడులో గొంతు వినబడక, అరచేతుల మీద రాసి చూపించేవారు. ఎక్కడికి వెళ్లినా ఆయన మొదట అడిగేది ఒకటే, ఈడ ఎవరికి దెబ్బ తగిలింది, ఏ మిషన్ కాడ అని. ఏ మాట తెలియక మనుషులు అక్కడ చస్తున్నారో ఆ మాటే అక్కడ మొదటి పాఠం. పుస్తకం ఆ తర్వాతే.

కొన్నేళ్లకు ఒక సంస్థవాళ్లు ఈ చదువును చాలా ఫ్యాక్టరీల్లో పెట్టాలని వచ్చారు. చెప్పేవాళ్లు కావాలన్నారు. సార్ నా పేరు ఇచ్చారు. బట్టల ఫ్యాక్టరీలో నా మొదటి క్లాసుకు వచ్చి వెనక కూర్చున్నారు. నేను భయంతో, వాళ్లిచ్చిన పుస్తకంలోని మామిడిపండు బొమ్మతో మొదలుపెట్టాను. కాసేపు విని ఆయన చెయ్యెత్తారు, పిల్లల్లాగా.

"నిప్పంటుకుంటే వీళ్లు యాడికి పోవల్లమ్మా?" అని అడిగారు.

నేను పుస్తకం మూసి, అందరినీ లేపి, హాలు చివరి తలుపు దగ్గరకు తీసుకువెళ్లాను. దాని మీద రాసింది ఒక్కరికీ తెలియదు. తలుపుకు బయట తాళం ఉంది. ఆ రోజు మేమంతా ‘దారి’ అని రాయడం నేర్చుకున్నాం. తాళం తీయించడానికి మరెన్నో రోజులు పట్టింది, మాలో ఇద్దరు ఆడపిల్లల ఉద్యోగాలు పోయాయి. కానీ తీయించాం. ఆ తర్వాత ఒక వేసవిలో గుడ్డల గోదాములో మంటలు లేచినప్పుడు, పొగలో ఒకరి కొంగు ఒకరు పట్టుకుని ఆ దారినే బయటికొచ్చాం. బయట నేల మీద పడి దగ్గుతున్న ఆడవాళ్ల గురించి సార్‌కు ఫోన్‌లో చెప్పాను. "అందరూ వచ్చినారా? లెక్క చూసుకున్యావా?" అని మాత్రం అడిగారు.

బోర్డు తెచ్చిన ఆ సాయంత్రం తర్వాత తమ్ముడి గురించి ఆయన మాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఏటా ఆ పిల్లవాడు పోయిన రోజున మా ఆయన అన్నం ముట్టడు. అది సార్‌కు తెలుసని ఆయన భార్య మొన్న సమాధి దగ్గర చెప్పింది. ఆ రోజున ఆయనా తినేవారు కాదట.

పెనుకొండలో చర్చి వెనక సమాధుల తోటలో ఆయన్ను ఉంచారు. కొండ రాతినేల కావడంతో గుంత తొందరగా తెగలేదు. గడ్డపారలు రాయికి తగిలి నిప్పురవ్వలు లేస్తున్నాయి. మేమంతా ఎండలో కాచుకున్నాం. మిల్లులవాళ్లు షిఫ్టు నుంచి నేరుగా వచ్చారు, జుట్టు నిండా దుమ్ము. బట్టల ఫ్యాక్టరీ ఆడపిల్లలు మెడలో గుర్తింపు కార్డులతోనే వచ్చారు. ధర్మవరం వాళ్లు ఒక లారీలో దిగారు.

చేసేదేమీ లేక జనం సమాధుల మధ్య విడిపోయారు. అప్పుడు మొదలైంది ఆ గొణుగుడు. ఎవరికి వాళ్లు, తమకేమీ కాని మనుషుల పేర్లు, రాళ్ల మీద చెక్కినవి, పైకి చదువుతున్నారు. ఇటు ఒక గొంతు, అటు ఒక గొంతు, కూడబలుక్కుంటూ. ఎప్పుడో పోయినవాళ్లనంతా ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఉండింది. పాస్టర్ ప్రార్థన పుస్తకం తెరిచి, మళ్లీ మూసి, కాచుకున్నారు.

రంగుల షెడ్డు నుంచి వచ్చిన ఒక ముసలామె, వేళ్లన్నీ నీలం పట్టిన ఆమె, ఒరిగిపోయిన చిన్న రాయి ముందు గొంతుక్కూర్చుంది. అక్షరాల గాడిలో వేలు నడిపిస్తూ, "ర... త్న..." అని ఆగింది. చివరి అక్షరంలో మట్టి గట్టిగా నిండిపోయి ఉంది. ఆమె గోటితో ఆ మట్టిని గీకి, నోటితో ఊది, మళ్లీ మొదటి అక్షరం దగ్గర వేలు పెట్టింది.